ఒంటరిగా జింక వేటకు వెళ్తున్నారా? ఏ సామాను ఎంచుకోవాలి, ఎందుకు

మిషిగన్‌లో తుపాకీతో జింక వేట ఏటా నవంబర్ 15న మొదలై 30న ముగుస్తుంది. ఆ పదహారు రోజుల కోసం సెప్టెంబర్ నుంచే దుకాణాల్లో సామాను కుప్పలు పోస్తారు. చెట్టుకు కట్టే మంచెలు, గుడారాలు, జింకను లాగే బండ్లు, లైట్లు, జీపీఎస్‌లు. మొదటిసారి కొనేవాళ్లకు ఏది తీసుకోవాలో తేలక తల తిరుగుతుంది. అమ్మేవాళ్లు చెప్పే మాటలు, వీడియోల్లో చూపించేవి ఎక్కువగా గుంపుగా వెళ్లేవాళ్లకు సరిపోతాయి. పక్కన ఇంకొకరు ఉంటే ఏ వస్తువు మొరాయించినా పెద్ద ఇబ్బంది లేదు, ఒక చెయ్యి వేస్తారు. ఒంటరిగా వెళ్లినప్పుడు అదే వస్తువు ప్రాణాల మీదకు తెస్తుంది.

నేను ఆరేళ్లుగా ఒంటరిగానే వెళ్తున్నాను. మా స్నేహితుల్లో వేటకు వచ్చేవాళ్లు లేరు. ఈ ఆరేళ్లలో నా సామాను నన్ను చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. ఆ అనుభవంతోనే ఈ పోలిక రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. కాబట్టి ఇదంతా అమెరికాలో లైసెన్స్ తీసుకుని వేటాడేవాళ్ల కోసం మాత్రమే. ఇక్కడ కూడా హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. కానీ స్నేహితుడి మాట మీద ఆధారపడే విషయం కాదిది. ఒకసారి లాయర్‌ని అడిగి, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మిషిగన్‌లో లైసెన్స్ కొనాలంటే హంటర్ సేఫ్టీ కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఆ కోర్సుకు పెట్టిన సమయం ఒక్క గంట కూడా వృథా పోదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ వస్తువునైనా నేను ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుని చూస్తాను. వరుస కూడా ముఖ్యమే.

1. ఇది చెడిపోతే ఒంటరిగా ఏం చేయగలను? సర్దుకుని ఇంటికి రాగలిగితే సరే. కదల్లేని పరిస్థితి వస్తే ఆ వస్తువు ఎంత గొప్పదైనా నాకొద్దు.
2. చీకట్లో, గ్లవ్స్ వేసుకున్న చేతులతో వాడగలనా? నవంబర్ మధ్యలో ఇక్కడ ఏడున్నర దాటాక గానీ సూర్యుడు రాడు. అర గంట ముందు నుంచే వేట మొదలుపెట్టవచ్చు. అంటే అన్నీ సర్దుకోవడం చీకట్లోనే.
3. చలికి తట్టుకుంటుందా? బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువుకూ ఈ ప్రశ్న వెయ్యాలి.
4. బరువెంత? లోపలికి వెళ్లేటప్పుడు మోసేది ఒక్కటే లెక్క కాదు. తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటు జింక కూడా ఉంటుంది.

ధర ఈ లిస్టులో లేదు. డబ్బుకు విలువ లేదని కాదు. ఖరీదైన వస్తువు ఈ నాలుగింటిలో ఓడిపోవడం, చవకది గెలవడం కూడా చూశాను.

## ఎక్కడ కూర్చోవాలి: చెట్టు మీదా, నేల మీదా?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువ ఆలోచించాల్సిందీ దీని గురించే. ఎత్తు నుంచి చూస్తే జింక కంటపడటం తేలిక, మన వాసన దానికి తగలడం తక్కువ. మన చేలల్లో కాపలాకు మంచె వేసుకునేది కూడా ఎత్తు కోసమే. అయితే ఆ మంచెను నలుగురు కలిసి కడతారు, నిచ్చెన ఉంటుంది, కేకేస్తే పలికేవాళ్లు ఉంటారు. అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు అవేవీ ఉండవు.

నిచ్చెన మంచె. ఇనుప నిచ్చెనకు పైన కుర్చీ ఉంటుంది, మొత్తాన్ని చెట్టుకు ఆనించి పట్టీలతో కడతారు. ఒకసారి కట్టాక దీనంత నిబ్బరంగా ఉండేది ఇంకోటి లేదు. కానీ కట్టడానికి ముగ్గురు కావాలని దాదాపు ప్రతి కంపెనీ కాగితంలోనూ రాసి ఉంటుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పదిహేను అడుగుల నిచ్చెనను ఒక్కడే నిలబెట్టబోతే అది పక్కకు వాలినప్పుడు ఆపేవాళ్లు ఉండరు. సొంత స్థలం ఉండి, ఆగస్టులో ఇద్దరు స్నేహితులు సాయం వచ్చేట్టయితే మాత్రం ముందుగా దీన్నే చూడండి.

క్లైంబర్. ఇందులో రెండు ముక్కలు ఉంటాయి. పైది కూర్చోవడానికి, కిందిది పాదాలు పెట్టడానికి. ఒక దాని మీద బరువు వేసి రెండో దాన్ని పైకి జరుపుకుంటూ చెట్టెక్కుతారు. తొమ్మిది నుంచి పద్నాలుగు కిలోలు ఉంటుంది, వీపుకు తగిలించుకుని ఎంత దూరమైనా పోవచ్చు. దీనికి కొమ్మల్లేని నిటారు చెట్టు కావాలి.

నా రెండో సీజన్‌లో బాల్డ్‌విన్ దగ్గర నేషనల్ ఫారెస్ట్‌లో క్లైంబర్ తగిలించుకుని ఒక పైన్ చెట్టెక్కాను. పొద్దున ఆరు గంటలు, బెరడు మీద మంచు పొర. పై ముక్కనూ కింది ముక్కనూ కలిపి ఉంచడానికి ఒక సన్నటి తాడు ఇస్తారు. చీకట్లో అది చిక్కుపడి విసిగించింది. విప్పేసి జేబులో కుక్కుకున్నాను. పద్నాలుగు అడుగుల ఎత్తుకు చేరాక, కూర్చోవడానికి వెనక్కి తిరుగుతూ పాదాలను పట్టీల్లోంచి బయటికి తీశాను. కింది ముక్క మీద బరువు పోయింది. లోహపు పళ్లు బెరడును గీరుకుంటూ జారిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా పాదాలకు ఇంకో నాలుగడుగుల కింద అది వంకరగా ఇరుక్కుని ఆగింది.

ఒంటి మీద హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీల కవచం) ఉంది, చెట్టుకు కట్టే ఉంది. అందుకే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. తూటాలు తీసేసిన తుపాకీ కింద నేల మీద ఉంది. దాన్ని పైకి లాగే తాడు కొస నా నడుముకు కట్టి ఉంది. ఆ తాడు మధ్యలో ఉచ్చు వేసి, కింది ముక్క కమ్మీకి తగిలించడానికి వదులుతూ పోయాను. గ్లవ్స్‌తో ముడి పడదు, గ్లవ్స్ తీస్తే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. రెండు నిమిషాలు తాడు వదలడం, రెండు నిమిషాలు చేతులు చంకల్లో పెట్టుకోవడం. నలభై నిమిషాలకు ఉచ్చు కమ్మీకి పడింది. ఫోన్ ఎక్కడుందంటే, చెట్టు మొదట్లో పెట్టిన బ్యాగులో.

జేబులో కుక్కుకున్న ఆ తాడు రెండు ముక్కల మధ్య కట్టి ఉంటే, కింది ముక్క మోకాలి ఎత్తు కూడా జారేది కాదు. క్లైంబర్ కొంటే ఆ తాడును మొదటి రోజే గట్టిగా కట్టేసి, ఇక విప్పకండి. ఆస్పెన్, బీచ్ లాంటి నున్నటి బెరడు చెట్లకు, మంచు పట్టిన రోజున, దాన్ని తగిలించకండి.

శాడిల్. ఇది కుర్చీ కాదు. నడుముకూ తొడలకూ పట్టే వెడల్పాటి పట్టీ, చెట్టుకు తాడు, పాదాలకు చిన్న పలక. మా నల్గొండ వైపు గీత కార్మికులు మోకు నడుముకు తిప్పి తాటిచెట్టెక్కడం చూసినవాళ్లకు దీని కిటుకు వెంటనే అర్థమవుతుంది. బరువంతా తాడు మీద వేసి వెనక్కి ఆనుకోవడమే. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా తాడుకు కట్టే ఉంటారు, ఇదే దీని పెద్ద బలం. కానీ దానిలో నమ్మకంగా కూర్చోవడానికి నాకు వేసవంతా పట్టింది. పెరట్లో రెండడుగుల ఎత్తులో వారాల తరబడి సాధన చేశాను. నవంబర్ మొదట్లో కొని 15న అడవికి తీసుకెళ్లే వస్తువు కాదిది.

నేల గుడారం. ఏడు నుంచి పది కిలోలు ఉంటుంది, రెండు నిమిషాల్లో విచ్చుకుంటుంది. పడిపోయే భయం లేదు. గాలి తగలదు, చిన్న హీటర్ పెట్టుకోవచ్చు, కానీ కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి. నష్టం ఏమిటంటే చూపు దగ్గర్లోనే ఆగిపోతుంది, కొత్తగా వెలిసిన గుడారాన్ని జింకలు కొన్ని రోజులు అనుమానంగా చూస్తాయి. ఇంకో మాట: లోపల ఉన్న మీరు బయట తిరిగే వేటగాళ్లకు కనపడరు. మీరు వేటగాళ్లు వేసుకునే ఆరెంజ్ రంగు బట్టలు వేసుకోవడంతో సరిపెట్టకుండా గుడారం నాలుగు వైపులా ఆరెంజ్ గుడ్డ కట్టండి.

| | చెడితే ఒంటరిగా | చీకట్లో వాడకం | బరువు | ఎవరికి |
|---|---|---|---|---|
| నిచ్చెన మంచె | కట్టేటప్పుడే ప్రమాదం, కట్టాక తక్కువ | చాలా తేలిక | అడవిలోకి మోయలేం | సొంత స్థలం, సాయం ఉన్నవాళ్లకు |
| క్లైంబర్ | పైనే ఇరుక్కుపోవచ్చు | చప్పుడు ఎక్కువ | 9–14 కిలోలు | నిటారు చెట్లున్న చోట, అలవాటున్నవాళ్లకు |
| శాడిల్ | తాడు వదలదు, దిగడం నేర్చుకోవాలి | సాధన ఉంటే బాగుంటుంది | అన్నీ కలిపి 7–9 కిలోలు | వేసవంతా సాధన చేయగలిగినవాళ్లకు |
| నేల గుడారం | లేచి నడిచి ఇంటికి రావచ్చు | తేలిక | 7–10 కిలోలు | మొదటి సీజన్ వాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు |

మొదటి ఏడాది ఒంటరిగా వెళ్లేవాళ్లు నేల గుడారమే తీసుకోండి. ఈ మాట చెప్పడానికి నాకు ఏ సందేహమూ లేదు. జింక దొరకకపోతే వచ్చే ఏడాది ఇంకో సీజన్ ఉంటుంది.

చెట్టే ఎక్కుతానంటే ఒళ్లంతా పట్టే హార్నెస్ తప్పనిసరి. నడుము పట్టీ ఒక్కటే చాలదు. పడిపోయి కదలకుండా వేలాడితే తొడల పట్టీలు బిగుసుకుని రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. అది కొద్ది నిమిషాల్లోనే ప్రమాదంగా మారగలదు. అందుకే పాదం పెట్టి లేవడానికి ఒక చిన్న ఉచ్చు పట్టీని జేబులో ఉంచుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెట్లెక్కేవాళ్లకే అవి కావాల్సి వచ్చాయి. ఏడాదికి నాలుగు రోజులు ఎక్కే మనం హార్నెస్ లేకుండా ఎలా ఎక్కుతాం?

మిషిగన్ ప్రభుత్వ భూముల్లో చెట్టు బెరడు దాటి లోపలికి దిగే మేకులు, స్క్రూ మెట్లు వాడకూడదు. మంచె మీద మీ వివరాలు రాసి ఉండాలి. గుడారాల్లో కొన్ని రకాలను ఏ రోజుకారోజు తీసేయాల్సి ఉంటుంది. ఆ ఏడాది రూల్ బుక్ చదివాకే కొనండి.

## దారి, వెలుతురు, కబురు

ఇక్కడ ఎంపిక తేలిక, కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

మామూలు ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుంది. దాని శత్రువు చలి. బయటి జేబులో పెడితే నలభై శాతం చూపించే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోవాలి. బ్యాగులో మాత్రం వద్దు, ఎందుకో పైన చెప్పాను.

ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన ఐఫోన్లలో సిగ్నల్ లేని చోటు నుంచి ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే సౌకర్యం ఉంది. దానికి ఆకాశం తెరిపిగా కనపడాలి, దట్టమైన చెట్ల కింద ఆలస్యమవుతుంది. గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 లాంటి విడి పరికరం వంద గ్రాములే ఉంటుంది. ఇంట్లో వాళ్లతో రెండు వైపులా మెసేజ్‌లు నడుస్తాయి, కానీ సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఏడాదికి ఒక్క వారాంతం, రోడ్డుకు అర మైలులోపు వెళ్లేవాళ్లకు కొత్త ఫోన్ సరిపోతుంది. అంతకంటే లోపలికి వెళ్తే, లేదా షుగర్, గుండె జబ్బులాంటివి ఉంటే, విడి పరికరం కొనండి. రెండిటికీ ఒకే బ్యాటరీ కాకపోవడమే దాని అసలు లాభం. వీటితో పాటు కాగితం మ్యాపు, దిక్సూచి. అవి చలికి ఆగిపోవు.

తలలైటు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. లైటు బ్యాగులో ఒత్తుకుని దానంతటదే వెలిగి, పొద్దున చూసేసరికి బ్యాటరీ ఖాళీ. అడవి అంచున కారులో తెల్లవారేదాకా కూర్చున్నాను. లాక్ బటన్ ఉన్న లైటు కొనండి, లేదంటే ఒక బ్యాటరీని తిరగేసి పెట్టండి. ఆల్కలైన్ బ్యాటరీల కంటే లిథియం బ్యాటరీలు చలిలో చాలా బాగా పనిచేస్తాయి. రెండో లైటు జేబులో ఉండి తీరాలి.

## జింకను బయటికి ఎలా తేవాలి

కొత్తవాళ్లు అస్సలు ఆలోచించని విషయం ఇది. పెద్ద మగ జింక పేగులు తీసేశాక కూడా అరవై, డెబ్బై కిలోలు తూగుతుంది. అంత బరువును ఒక్కరే తేవాలి.

తాడు అన్నిటికంటే తేలిక, చవక. నా మొదటి జింక ఆడది, మరీ పెద్దది కాదు. కారు ముప్పావు మైలు దూరంలో ఉంది. సన్నటి నైలాన్ తాడు తీసుకెళ్లాను. మూడు గంటలు పట్టింది. తాడు గ్లవ్స్ మీదుగానే అరచేతుల్లోకి దిగింది, వారం రోజులు కీబోర్డు మీద వేళ్లు ఆడలేదు. తాడే వాడాలనుకుంటే వెడల్పాటి పట్టీ కొని, ఛాతీ చుట్టూ లేదా భుజాల మీదుగా వేసుకోండి. తల ముందుగా వచ్చేలా లాగండి, వెంట్రుకలు వాలిన దిక్కుకే లాగితే తేలిగ్గా జారుతుంది.

ప్లాస్టిక్ స్లెడ్, అంటే చక్రాల్లేకుండా నేల మీద జారే తొట్టి, మంచు మీద అద్భుతం. ఎండాకుల మీద కూడా తాడు కంటే మేలు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు, పగిలినా లాగవచ్చు. లోపలికి వెళ్లేటప్పుడు సామానంతా అందులోనే వేసుకోవచ్చు. చప్పుడు చేస్తుంది, కాబట్టి కూర్చునే చోటికి దూరంగా వదిలేయాలి.

రెండు చక్రాల బండి చదునైన దారి ఉంటే పిల్లవాడు కూడా లాగగలడు. దారి లేని చోట పడిపోయిన ప్రతి మానూ దానికి అడ్డే. ఒకసారి నా బండి ఇరుసు చీల ఎక్కడో ఊడి పడిపోయింది. చక్రం పక్కకు దొర్లిపోయాకే తెలిసింది. చీల ఊడిన ఎడ్లబండి ఎంత దూరం పోతుంది? ఎండాకుల్లో వేలెడంత పిన్ను వెతకడం కుదిరే పని కాదు. ఇనుప తీగ ముక్క ఉంది కాబట్టి దూర్చి మెలిపెట్టి బయటపడ్డాను. ఇప్పుడు నా జేబులో రెండు అదనపు చీలలు ఉంటాయి. ఇంకోటి, వైల్డర్‌నెస్‌గా, అంటే మనుషుల జోక్యం లేకుండా కాపాడే చోటుగా, ప్రకటించిన ప్రాంతాల్లోకి చక్రాల బండి తీసుకెళ్లకూడదు. మిషిగన్‌లో నార్డ్‌హౌస్ డ్యూన్స్ అలాంటిదే.

ముక్కలు చేసి వీపు మీద మోయడం చాలా లోపలికి వెళ్లేవాళ్లు చేసే పని. కత్తి పని బాగా తెలిసి ఉండాలి, రెండు మూడు సార్లు తిరగాలి. ట్యాగు (జింకకు కట్టే లైసెన్స్ చీటీ), తల విషయంలో రాష్ట్రం ఏం అడుగుతుందో ముందే చూసుకోవాలి. మొదటి రెండు సీజన్లలో దీని జోలికి పోవద్దు.

రోజంతా కుర్చీలో పనిచేసే మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు చిన్న వయసులోనే వస్తాయి. చలిలో, బరువైన బట్టలతో, ఉద్వేగంతో అంత బరువు లాగడం గుండెకు చాలా పెద్ద పని. నలభై దాటితే సీజన్‌కు ముందు డాక్టర్‌ను కలవండి. యాభై అడుగులు లాగి ఆగండి, ఊపిరి మామూలుగా వచ్చాకే మళ్లీ లాగండి. జింక ఎక్కడికీ పోదు. నలభై దాటినవాళ్లకు నా సలహా స్లెడ్, దారి బాగుంటే బండి. తాడు ముప్పై ఏళ్లలోపు వాళ్లకు, అది కూడా పావు మైలులోపు అయితేనే.

## స్కోప్ (తుపాకీ మీద బిగించే గురి దుర్భిణి) గురించి

నాలుగో సీజన్‌లో బురదలో జారి తుపాకీ మీదే పడ్డాను. పైకి దెబ్బేమీ కనపడలేదు. గంట తర్వాత ఎనభై గజాల్లో ఒక మగ జింక నిలబడింది. కాల్చలేదు. గురి కదిలి ఉంటే దానికి గాయమవుతుంది, చావదు, ఎక్కడికో వెళ్లి రోజుల తరబడి బాధపడుతుంది. మర్నాడు కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్లి చూస్తే వంద గజాలకు అయిదంగుళాలు ఎడమకు పోయింది. పెద్ద జూమ్ ఉన్న బరువైన స్కోప్, తేలికైన చిన్న స్కోప్ మధ్య ఎంచుకోవాల్సి వస్తే అడవిలో చిన్నదే మేలు. ఇక్కడి చెట్లలో వంద గజాలు దాటి చూపు ఆనే చోట్లే తక్కువ, పైగా తేలికైనది దెబ్బకు తక్కువగా కదులుతుంది. తుపాకీని రాత్రి వెచ్చటి ఇంట్లోకి తెస్తే అద్దం మీద తేమ పడుతుంది. తాళం వేసిన చల్లటి గ్యారేజీలోనే ఉంచండి.

## ఇంట్లో ఇచ్చి వెళ్లే చీటీ

దీనికీ మూడు దారులు ఉన్నాయి: ఫోన్‌లో లొకేషన్ షేరింగ్, వాట్సాప్ మెసేజ్, కాగితం. మొదటిది సిగ్నల్ పోగానే ఆగిపోతుంది. రెండోది వంద మెసేజ్‌ల కింద పడిపోతుంది. నేను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తాను: కారు ఎక్కడ ఆపుతాను, అక్కడి నుంచి ఏ దిక్కుకు ఎంత దూరం, అక్షాంశం, రేఖాంశం, కారు నంబరు. కింద రెండు టైములు. సాయంత్రం ఏడున్నరకల్లా కబురు రాకపోతే నాకు ఫోన్ చేయాలి. తొమ్మిదికి కూడా రాకపోతే ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు చేయాలి, ఆ నంబరు కూడా చీటీ మీదే ఉంటుంది. మా ఇంటి దగ్గర 911 కొడితే మా కౌంటీకే వెళ్తుంది, నేనుండే అడవి వేరే కౌంటీలో ఉంటుంది. జింక దొరికితే 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి కాబట్టి, లైసెన్స్ నంబరు కూడా అదే చీటీ వెనక రాసుకుంటాను.